బల్ల దిగిన పని

అడిగితే లేదనడం తెలియని దీవిలో, అడగడానికి వీలైన వస్తువొకటి ఒకామె చేతిలో పెట్టి, దీన్ని ఎవరికీ ఇవ్వొద్దని చెప్పారు. ఆమె ఇచ్చింది. తప్పు ఇచ్చినామెదా, అడిగినవాళ్ళదా, చేతిలో పెట్టినవాళ్ళదా? ఏళ్ళు గడిచినా ఈ ప్రశ్నకు జవాబు దొరకలేదు. దొరికిందనుకున్న ప్రతిసారీ మకరేత ముఖం గుర్తొచ్చి, అది జవాబు కాదనిపిస్తుంది.

మకరేతది ఫిజీలోని కందావు దీవి. దక్షిణపు ఒడ్డున, కొండకూ సముద్రానికీ మధ్య ఇరుక్కుని ఉన్న బోర్డింగ్ హైస్కూల్లో ఆమె గుమాస్తా. చదివిందీ అక్కడే. ఆఖరి పరీక్ష తప్పింది. ఇక ఊరికి పోయి చాపలు అల్లుకోవడమే అనుకుంటుండగా, అప్పటి హెడ్మాస్టరు ఆమెను టైపు మిషను ముందు కూర్చోబెట్టి, "ఏడుస్తూ కూర్చోకు, దీన్ని కొట్టు" అన్నాడు. కొట్టింది. టైపు మిషను పోయి స్టెన్సిలు వచ్చింది. స్టెన్సిలు పోయి కంప్యూటర్ వచ్చింది. హెడ్మాస్టర్లు వచ్చారు, పోయారు. పెళ్ళి మాత్రం రాలేదు. "మొగుడికి బదులు బల్ల దొరికింది దీనికి" అని వదినలు ఎగతాళి చేసేవాళ్ళు. ఆమె నవ్వి ఊరుకునేది. అందులో అబద్ధమేమీ లేదు మరి. స్కూలు ఇచ్చిన రెండు గదుల ఇల్లే ఆమె ఇల్లు. వెనకాల ఒక సీమపనస చెట్టు, ముందు చిన్న వరండా. ఊళ్ళో అన్నగారి ఇంట్లో ఆమెకు చోటుంది కానీ, ఆ చోటు చెల్లెలిది. ఇక్కడున్నది మకరేతది.

ఆఫీసు గదిలో కంప్యూటర్‌కి ఊలుతో అల్లిన ముసుగు వేసేది. ఎడమచేయి మార్కుల కాగితం మీద వరస వెంట కిందికి దిగుతుంటే, కుడిచేయి అంకెల మీటల మీద తనంతట తాను ఆడేది. మార్కులు, తల్లిదండ్రులకు ఉత్తరాలు, వంటింటికి కర్రపెండలం లెక్క, ఓడ వచ్చే వారం పిల్లల సెలవు చీటీలు, అన్నీ ఆ బల్ల మీదనే. ఆ గదిలోకి వచ్చినవాళ్ళు ఏదో ఒకటి అడిగి పట్టుకుపోయేవాళ్ళు. పెన్ను, కత్తెర, గొడుగు, ఒకసారి ఆమె తలలోని దువ్వెన కూడా. అక్కడ దాన్ని కెరెకెరె అంటారు. నాకది కావాలి అని అయినవాళ్ళు అంటే, నీ దగ్గర ఉన్నదాన్ని ఇవ్వడమే మర్యాద. రేపు నువ్వు అడిగితే వాళ్ళూ ఇస్తారు. కంప్యూటర్‌ను మాత్రం ఎవరూ ఏనాడూ అడగలేదు. అంత బరువు, అన్ని తీగలు, జనరేటర్ ఆగితే చచ్చిపోయే ప్రాణం. దాన్ని అడగడమంటే చర్చి గంటను అడిగినట్టే.

ఆ ఏడు ఏదో విదేశపు సంఘం వాళ్ళు స్కూలుకు ట్యాబులు పంపారు. ఓడ దిగిన అట్టపెట్టెల్ని పిల్లలు పాడుకుంటూ మోసుకొచ్చారు. ప్రిన్సిపాల్ వైసాలే టీచర్లందర్నీ చాపల మీద కూర్చోబెట్టి ఒక ట్యాబును పైకెత్తి చూపించాడు. వైసాలే ఒకప్పుడు ఆ స్కూల్లోనే చదివి, రగ్బీ ఆడి, మోకాలు విరగ్గొట్టుకుని, పంతులైనవాడు. గొంతెత్తితే చర్చిలో ప్రసంగంలా ఉంటుంది.

"ఇకనుంచి ఆఫీసంటే గది కాదు. ఎవరి ఆఫీసు వాళ్ళ చేతిలోనే. కాగితం కొనేది లేదు, కరెంటు కోసం ఎదురు చూసేది లేదు. కంప్యూటర్ చేసే పనంతా ఇదే చేస్తుంది."

లెక్కల మాస్టరు మునిసామి వెనక వరసలోంచి అన్నాడు. "చేతిలో ఉన్నది ఈ దీవిలో ఎంతసేపుంటుంది మాస్టర్?"

అందరూ గొల్లున నవ్వారు. మునిసామిది లంబాసా, ఎప్పుడో ఇండియానుంచి వచ్చిన చెరకు రైతుల కుటుంబం. వైస్ ప్రిన్సిపాల్ నేతని వెనక్కి తిరిగి, "మీ లంబాసా వాళ్ళ చేతుల్లోనైతే తరతరాలు ఉంటుందిలే" అన్నాడు.

"ఉంటుంది మరి. మా నాన్న గొడుగు నేనింకా వాడుతున్నా. అడిగినవాడికి ఇవ్వకపోతే పిసినారి అంటారు. అనండి. గొడుగైతే ఉంది కదా."

మళ్ళీ నవ్వులు. మకరేత కూడా నవ్వింది.

అందరూ లేచాక వైసాలే ఆమెను ఆపాడు. "అక్కా, నీతో ఒక మాట. టీచర్లే మార్కులు ఎక్కించుకుంటే గుమాస్తా ఎందుకని సువాలోని విద్యాశాఖ ఆఫీసువాళ్ళు అడుగుతున్నారు. ఈ ఏడాది ఆఖరి తరగతి మార్కులన్నీ నువ్వు దీంట్లోనే నడిపి చూపించు. సరిగ్గా జరిగితే, ముసలిదానివై నువ్వే విసుక్కుని పోయేదాకా నీ పోస్టు ఉంటుంది. జరక్కపోతే నేను నోరెత్తలేను."

"ఇల్లు?"

"ఇల్లు పోస్టుతోనే కదక్కా."

"నీ టీసీ టైపు చేసింది నేనే వైసాలే. అందులో నడవడిక బాగు అని రాశాను. అదొక్కటే నేను స్కూలు కోసం ఆడిన అబద్ధం."

వైసాలే పగలబడి నవ్వాడు. నవ్వుతూనే, "ఎవరికీ ఇవ్వొద్దు అక్కా, ఇది స్కూలుది" అని ట్యాబ్ చేతిలో పెట్టాడు.

పాత కంప్యూటర్ తీగలు ఊడదీసి వరండాలో పెట్టారు. బల్ల దిగగానే అది కూడా అడగదగ్గ వస్తువైపోయింది. సాయంత్రానికి పాస్టరు అడిగాడు, వైసాలే ఇచ్చేశాడు.

మొదట్లో మకరేతకు అద్దం మీద వేళ్ళు జారేవి. చెమట పడితే ఒక అంకె కొడితే ఇంకొకటి పడేది. కోడి గింజలు పొడిచినట్టు ఒక్క వేలితో పొడుస్తుంటే మునిసామి కిటికీలోంచి చూసి, "ఏం అక్కా, పురుగులు దొరుకుతున్నాయా?" అనేవాడు. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకున్నట్టు అందులో కుదరదు. ఒకటి తీస్తే ఒకటి మూసుకుపోతుంది. ఏ పిల్లవాడి మార్కు ఏ పిల్లకి పడిందోనని మళ్ళీ మళ్ళీ వెనక్కి పోయి చూసుకునేది.

అయినా, నిజం చెప్పాలంటే, కొన్నాళ్ళకి అది ఆమెకు నచ్చింది. కుర్చీలో కూర్చుని కూర్చుని పట్టేసిన నడుము, వరండాలో చాప మీద కాళ్ళు మడిచి కూర్చోగానే సుఖపడింది. ఒళ్ళో దిండు, దిండు మీద ట్యాబ్, పక్కన నిమ్మాకు టీ. జనరేటర్ ఆగిపోయినా పని ఆగేది కాదు. పుట్టినప్పటినుంచీ ఆ దీవిలో ఆడవాళ్ళు చేసే పనులన్నీ చాప మీద కూర్చుని చేసేవే. ఆఫీసు పని ఒక్కటే ఇన్నాళ్ళూ బల్ల మీద ఉండిపోయింది. అదీ దిగివచ్చింది. మార్కుల పుస్తకాలు రాయొద్దని వైసాలే టీచర్లకి గట్టిగా చెప్పాడు. అన్నీ నేరుగా మకరేత ట్యాబులోకే.

"ఇది పగిలిపోతే?" అని వైసాలేని అడిగింది ఒకసారి.

"పగిలితే ఏంటక్కా? లోపలున్నది తనంతట తానే పైకి పోయి ఆకాశంలో దాక్కుంటుంది."

ఈలోగా మిగతావాళ్ళ ట్యాబులు ఒక్కొక్కటే కనిపించకుండా పోయాయి. మొట్టమొదట పోయింది ప్రిన్సిపాల్‌దే. ఆయన బావమరిది చేపల పడవ మీద వచ్చి, రగ్బీ చూసుకోవడానికి అడిగి పట్టుకుపోయాడు. నేతనిది వాళ్ళ పెద్దమ్మ మనవడి దగ్గర తేలింది. ఇంకొకరిది ఎక్కడో పక్క దీవిలో ఉందన్నారు. అడిగితే "ఛార్జింగ్ పెట్టాను" అనేవాళ్ళు. ఎవరూ ఎవర్నీ రెండోసారి అడగలేదు. అలా అడగడం బాగుండదు. టీచర్లు మకరేత వరండాకి వచ్చి కూర్చుని ఆమె ట్యాబులోనే మార్కులు చెప్పి ఎక్కించుకుని వెళ్ళేవాళ్ళు. మునిసామిది మాత్రం సొరుగులో, తాళం లోపల ఉండేది.

ఆ ఏడాది పరీక్షల ముందు పెద్ద గాలివాన వచ్చింది. కొండ మీద టవర్ పడిపోయింది. ఫోన్లు మూగబోయాయి. టవర్ ఉన్నప్పుడే సిగ్నల్ చాలక, ఆకాశంలో దాక్కోవాల్సినవి ఏవీ పైకి పోలేదు; ఇప్పుడు ఆ దారీ మూసుకుపోయింది. ఆఖరి తరగతి పిల్లల ఏడాది మార్కులన్నీ మకరేత దిండు మీదే ఉండిపోయాయి. వచ్చే ఓడలో తనే రాజధాని సువా వెళ్ళి అప్పజెబుదామనుకుంది.

ఆ ఓడ రాకముందే ఆమె ఊళ్ళో పెద్దాయన తల్లి చనిపోయింది. ఆ మర్నాడు వదిన ఉనైసి వచ్చింది. వెంట అన్న ఇసికేలి ఉన్నాడు. అన్న లోపలికి రాలేదు. అక్కడ పెద్దయిన అన్నాచెల్లెళ్ళు ఎదురుపడి మాట్లాడుకోరు, అది గౌరవం. ఆయన మెట్టు మీద వీపు తిప్పుకుని కూర్చున్నాడు. ఏం చెప్పాలన్నా వదినే చెప్పాలి. వదినకు మాత్రం నోటికి హద్దుండదు.

"ఏం మరదలా, బతికే ఉన్నావా? స్కూలు తిండి తిని ఎముకలు పైకి తేలాయే."

"నీ ఎముకలు కనబడి ఎన్నేళ్ళైందో వదినా, ముందది చూసుకో."

"మీ అన్న పెట్టే తిండి అలాంటిది. నీకెవడూ పెట్టలేదు కాబట్టి నీకు తెలీదు."

మెట్టు మీద అన్న దగ్గాడు. ఉనైసి నవ్వు ఆపి, చాప అంచు సవరిస్తూ మొదలుపెట్టింది. ముసలమ్మ మనవలు సువాలో ఉన్నారు, ఇద్దరు ఎక్కడో సైన్యంలో ఉన్నారు. గాలివానకి పడవలు దెబ్బతిన్నాయి, ఎవరూ రాలేరు. మట్టి చేసేదంతా వీడియో తీసి, ఓడలో సువా పంపితే అక్కడినుంచి అందరూ చూస్తారు. ఊళ్ళో అంతసేపు తీయగలిగేది ఎవరి దగ్గరా లేదు.

"నీ దగ్గరుందని మీ అన్నకి తెలిసింది. అడగమన్నాడు."

మకరేత ట్యాబు మీద చెయ్యి వేసింది. "ఇది స్కూలుది వదినా. నాది కాదు."

"నీది కాదని ఎవరికి తెలీదు? నీదైతే అడిగేదాన్నా, తీసుకుపోయేదాన్ని."

"ఇందులో పిల్లల మార్కులున్నాయి. ఇంకా సువా పోలేదు."

"ఉండనీ. మార్కుల్ని మేమేం తింటామా?"

"అది కాదు వదినా. ఇది పోతే నా పోస్టు పోతుంది. ఈ ఇల్లు పోతుంది."

ఉనైసి గొంతు తగ్గించింది. ఈసారి ఎగతాళి లేదు. "మకరేతా, ఈ స్కూలుకి స్థలం కావాలని మిషనువాళ్ళు వచ్చి మీ తాతని అడిగినప్పుడు, ఆయన లేదన్నాడా? కాపు మీదున్న కొబ్బరి తోట నరికించి ఇచ్చాడు. నువ్వు కూర్చున్న చాప కింద ఉన్నది ఎవరి మట్టి?"

మకరేత అన్న వీపు కేసి చూసింది. ఆయన అటు సముద్రం కేసి చూస్తున్నాడు. చిన్నప్పుడు తన స్కూలు ఫీజు కోసం పడవ అమ్మిన మనిషి. ఆ పడవ సంగతి ఆయన ఇంతవరకూ ఎత్తలేదు. ఇవాళా ఎత్తలేదు. బల్ల మీద, తీగల మధ్య, ముసుగు వేసుకుని ఆ పాత డబ్బాయే ఉండి ఉంటే ఈ మాటే పుట్టేది కాదు. అన్న ఇంత దూరం వచ్చేవాడు కాదు. ఆమె లేదనాల్సిన అవసరమే పడేది కాదు. జీవితంలో ఒక్కసారి కూడా లేదనడం నేర్చుకోని మనిషి, యాభై దాటాక, అన్న ముందు మొదలుపెట్టాలి.

ట్యాబును తువ్వాలులో చుట్టి ఇచ్చింది. "రెండు రోజులే వదినా. మార్కులు ముట్టుకోవద్దని చెప్పు. ఓడ ఎక్కించేముందు నాకు తెచ్చివ్వండి, సువాకి నేనే పట్టుకెళ్తాను."

"అలాగేలే. నీ మొగుణ్ణి జాగ్రత్తగా తెచ్చిస్తాం" అంది ఉనైసి. మెట్టు మీద అన్న లేచి, తల వంచుకుని, ఆమెకేసి చూడకుండానే వెళ్ళిపోయాడు.

ఓడ స్కూలు వైపు రాకముందే ఊరివైపు రేవులో ఆగింది. ట్యాబ్ ఆమెకు తెలియకుండానే ఓడెక్కి సువా వెళ్ళిపోయింది. మకరేత ఊరికి పరిగెత్తింది. ప్రతి ఇంట్లోనూ కూర్చోబెట్టి చేమదుంప పెట్టారు, ముసలమ్మ గురించి చెప్పి ఏడ్చారు, ఆమె కూడా ఏడ్చింది. ట్యాబ్ గురించి అడిగితే "భద్రంగా ఉంది" అన్నారు. సువాలో అది ఒక మనవడి దగ్గర్నుంచి వాడి బావకి, బావ దగ్గర్నుంచి ఇంకెవరికో చేరింది. తర్వాత వచ్చిన ఓడలో తిరిగొచ్చింది. ఊరికే రాలేదు, కొత్త తొడుగుతో, ఒక పెద్ద చాపతో, సబ్బుల పొట్లంతో వచ్చింది. తీసుకున్నవాళ్ళు మర్యాద తెలిసినవాళ్ళు.

"చూడు, కొత్త చొక్కా తొడిగి పంపారు" అని ఉనైసి మురిసిపోతూ ఒళ్ళో పెట్టింది.

మకరేత తెరిచింది. ముసలమ్మ పాడె, పాటలు, ఏడుపులు, సువాలో ఎవరిదో పుట్టినరోజు. మార్కులు లేవు.

"వదినా, ఇందులో..."

"చోటు చాల్లేదట. పనికిరానివి తీసేశామని చెప్పమన్నాడు అబ్బాయి. బొమ్మలు కావట, ఒట్టి అంకెలేనట." ఆమె ముఖం చూసి ఉనైసి ఆగింది. "ఏమైంది? అంకెలు మళ్ళీ రాసుకోకూడదా?"

రాసుకున్నారు. అదే ఇంకా చేదు. మకరేత ఆ రోజే వెళ్ళి వైసాలేకి చెప్పింది. ఎవరికిచ్చిందీ చెప్పలేదు, పోయాయని మాత్రమే చెప్పింది. గడువు దగ్గరపడింది. వైసాలే టీచర్లని పిలిచి, ఎవరికి గుర్తున్నంత వాళ్ళు వేయమన్నాడు. మునిసామి ఒక్కడే పిల్లలకి మళ్ళీ పరీక్ష పెట్టి వేశాడు. మిగతావాళ్ళు ఇష్టమైన పిల్లలకి ఎక్కువ, గుర్తులేని పిల్లలకి సగం, అందరికీ నలభై, యాభై, అరవై అని గుండ్రటి అంకెలు వేశారు. కొన్ని వారాల తర్వాత సువానుంచి కబురు వచ్చింది. మార్కులన్నీ అచ్చు గుద్దినట్టున్నాయని, స్కూలు పంపినవేవీ లెక్కలోకి తీసుకోబోమని. ఆఖరి తరగతి పిల్లలు సగం మంది గట్టెక్కలేదు. తల్లిదండ్రులు పడవల్లో వచ్చి స్కూలు ముందు కూర్చున్నారు. ఎవరో ఒకరు బాధ్యులు కావాలి.

యంగోనా అనే మత్తు వేరు నానబెట్టిన నీళ్ళ గిన్నె చుట్టూ చాపల మీద కూర్చున్నారు. వైసాలే, నేతని, టీచర్లు. మకరేత గుమ్మం దగ్గర.

"అక్కా, చేతిలో పెట్టిన వస్తువు. ఎవరికీ ఇవ్వొద్దని చెప్పి మరీ ఇచ్చాను" అన్నాడు వైసాలే. ఆ గొంతులో నిజంగానే బాధ ఉంది. "ఎవరికిచ్చావు?"

ఆమె ఒక్కొక్కరి ముఖమే చూసింది. బావమరిదికి ఇచ్చినవాడు. పెద్దమ్మ మనవడికి ఇచ్చినవాడు. పక్క దీవికి పంపినవాడు. అందరూ గిన్నెలోకి చూస్తున్నారు. అన్న పేరు చెబితే, తాత ఇచ్చిన నేల మీదికి అన్న వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, వీళ్ళని క్షమించమని అడగాలి.

"నేను జాగ్రత్త చేయలేదు" అంది.

మునిసామి లేచాడు. తన ట్యాబ్ తెచ్చి చాప మధ్యలో పెట్టాడు. "మాస్టర్, ఒక పని చేద్దాం. అందరం ఎవరిది వాళ్ళం తెచ్చి ఇక్కడ పెడదాం. నాది పెట్టాను. తర్వాత అక్క సంగతి మాట్లాడదాం."

ఎవరూ కదల్లేదు. నేతని గొంతు సవరించుకున్నాడు.

"మునిసామీ, నువ్వు మంచివాడివి" అన్నాడు వైసాలే మెల్లగా. "కానీ ఇది మా ఇంటి మాట."

"స్కూలు మాట కదా మాస్టర్."

కొబ్బరి చిప్ప నిండా యంగోనా పోసి మునిసామికి అందించారు. అందించిన చిప్ప తోసేయడమంటే అందర్నీ తోసేయడం. మకరేత అతని చేతులకేసే చూస్తూ ఉంది. అతను కాసేపు పట్టుకుని, తాగేశాడు. తాగినవాడికి కొట్టే ఆనవాయితీ ప్రకారం అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత అతను మాట్లాడలేదు. అన్నిటికంటే ఆ చప్పట్లే ఆమెకు ఎక్కువ తగిలాయి.

పోస్టు పోయింది. నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేయాలి. ఆ నెల ఓడలోనే కొత్త కంప్యూటర్ వచ్చింది. ట్యాబులు చూసుకోవడానికీ చదువుకోవడానికీ పనికొస్తాయి గానీ ఆఫీసు పనికి పనికిరావని వైసాలే సువాకి రాశాడు. కంప్యూటర్‌ను ఇనప పట్టీతో బల్లకి బిగించారు. దాని ముందు కూర్చోవడానికి వైసాలే భార్య మేనకోడలు వచ్చింది. పని నేర్పమని మకరేతనే అడిగారు. అడిగితే ఇచ్చింది. ఎడమచేయి కాగితం మీద ఎలా దిగాలో, కుడిచేయి చూడకుండా ఎలా కొట్టాలో చూపించింది. ఆ పిల్ల మంచిదే. "అత్తా, మీరు ఇంత బాగా చేస్తారు కదా, ఎందుకు మానేస్తున్నారు?" అని అడిగింది. ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు.

ఉనైసి కబురు పంపింది. ఇంట్లో మూల గది ఖాళీ చేశాం, వచ్చెయ్, నీ మొగుడు పోయాడుగా ఇంక మా దగ్గరే ఉండు అని. ఎగతాళిగానే పంపింది, ప్రేమగానే పంపింది. మకరేత వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.

శనివారం వీడ్కోలు. అక్కడ ఏ మనిషైనా పోయేముందు అందరి ఎదుటా కూర్చుని, యంగోనా వేరు కట్ట ముందు పెట్టి, వెళ్ళొస్తానని సెలవు అడగాలి. ఉండేవాళ్ళు సెలవివ్వాలి. మాటల్లో, పనిలో నొప్పించి ఉంటే ఇరువైపులా అక్కడితో మరిచిపోవాలి. సెలవు అడగకుండా పోయినవాళ్ళని పోయినట్టే లెక్కపెట్టరు. హాల్లో చాపలు పరిచారు. పందిని గోతిలో కాల్చడానికి రాళ్ళు వేడెక్కుతున్నాయి. మకరేత ఈ స్కూలుకు తల్లి అని వైసాలే ప్రసంగం రాసుకున్నాడు. నేతని భార్య పూలదండ గుచ్చింది. వాళ్ళందరికీ ఆ రోజు కావాలి. ఆమె వచ్చి కూర్చుని సెలవు అడిగితే, వాళ్ళు ఇచ్చేస్తే, ఇంక ఎవరి మీదా ఏదీ ఉండదు.

ఆమె దగ్గర ఇవ్వాల్సింది అదొక్కటే మిగిలింది.

పొద్దున్నే ఇల్లు ఊడ్చింది. ఒక సంచీ, ఒక దుప్పటి, భుజాన చుట్టిన చాప. స్కూలు వెనక దారిలో, వంటింటి పొగ పక్కనుంచి, రేవుకి దిగింది. సువా ఓడ సరుకు దించుకుంటోంది. చాలామంది ఎక్కుతున్నారు. ఆమెను ఎరిగినవాళ్ళు ఎక్కడికి అని అడిగితే, "ఊరికే" అంది. పై అంతస్తులో ఒడ్డు కనబడని వైపు చోటు చూసుకుని చాప పరుచుకుంది.

ఓడ కదిలాక ఒడ్డునుంచి హాలు దగ్గరి చెక్క డోలు వినిపించింది. అందర్నీ రమ్మని. పక్కన కూర్చున్న ముసలావిడ తల తిప్పి, "మీ స్కూలు డోలే కదమ్మా? ఇవాళ ఏదో ఉన్నట్టుంది" అంది.

మకరేత సంచీ ఒళ్ళోకి లాక్కుంది. ముసలావిడ ఆమె చేతిలోని దుప్పటి కేసి చూసి, చలేస్తోంది, ఇస్తావా అని అడిగింది.

"లేదు" అంది మకరేత. సముద్రం వైపు తిరిగి కూర్చుంది. ఓడ పగడపు దిబ్బలు దాటిపోయింది.